ప్రాణస్నేహితుడితో ప్రాణసంకటం

మొన్న నిద్ర పట్టక 'ది రూమ్మేట్' అనే హాలీవుడ్ సినిమా చూశాను. 2011లో వచ్చింది లెండి, నాకు ఇప్పటికి తీరింది. లాస్ ఏంజెల్స్ కాలేజీలో చేరిన ఒకమ్మాయికి దొరికిన రూమ్మేటు మొదట ప్రాణం పెడుతుంది, తర్వాత ప్రాణం మీదికి తెస్తుంది. 1992 నాటి 'సింగిల్ వైట్ ఫీమేల్'ని కాలేజీలో పెట్టి తీసినట్టుంది. పిల్లిపిల్లని బట్టలారబెట్టే మిషన్లో పడేసే సీను రాగానే ఎవరికైనా అర్థమైపోతుంది, ఈ పిల్ల తేడా అని. నాకు నచ్చనిది అదే. నిజంగా జరిగేటప్పుడు ఎవరూ పిల్లిపిల్లతో మొదలుపెట్టరు. టిఫినుతో మొదలుపెడతారు.

నేను 2002లో కోస్తాలో ఒక ఇంజనీరింగు కాలేజీ హాస్టల్లో చేరాను (పేరెందుకు లెండి). రూముకి ఇద్దరం. నేను లేచేసరికి మెస్సు నుంచి ఇడ్లీ తెచ్చి పెట్టేవాడు. ల్యాబు రికార్డులు రాసిపెట్టేవాడు. నాకు జ్వరమొస్తే రాత్రంతా మేలుకుని కూర్చున్నాడు. మా అమ్మయితే "పూర్వజన్మ బంధం రా" అని మురిసిపోయింది. హాస్టల్లో మమ్మల్ని జంటకవులనేవాళ్ళు.

రెండో ఏడాదికి లెక్కలు మొదలయ్యాయి. పక్క రూములో పేకాట ఆడొస్తే రెండ్రోజులు అన్నం మానేసేవాడు. నేను ఎవరితో ఎంతసేపు మాట్లాడానో ఒక నోట్సు వెనక పేజీల్లో టైములతో సహా రాసుకున్నాడు. వార్డెన్ గదిలో ఫోన్ మోగితే పరిగెత్తుకెళ్ళి ఎత్తి, మావాళ్ళకి నేను బయటికెళ్ళానని చెప్పేవాడు. నేనేమో పైన రూములోనే ఉండేవాణ్ణి. ఒకరోజు నెట్ సెంటర్లో యాహూ మెయిల్ చూసుకుంటే, నేను తెరవని ఉత్తరాలు తెరిచి ఉన్నాయి. నిలదీస్తే ఏడ్చాడు. తిడితే తిరిగి తిట్టొచ్చు, కొడితే కొట్టొచ్చు.. ఏడిస్తే ఏం చేస్తాం?

రూము మారతానన్నాను. "నువ్వెళ్తే నేను బతకను" అన్నాడు, పెరుగు వేసుకుంటావా అని అడిగినంత మామూలుగా. వార్డెన్ దగ్గరికి రెండుసార్లు వెళ్ళాను. సీనియర్లు కొడితే ఆయనకి ఏం చెయ్యాలో తెలుసు. ర్యాగింగు మీద మన రాష్ట్రంలో 1997లోనే చట్టం వచ్చింది. "వీడు నీకు రికార్డులు రాసిపెడుతున్నాడు కదయ్యా, ఇదేం కంప్లైంటు? ఇద్దరూ కలిసి ఒక సినిమాకి పోయి రండి" అన్నారు.

మూడో ఏడాది సెమిస్టరు పరీక్ష రోజు పొద్దున్న లేచి చూస్తే తలుపుకి బయట తాళం. హాల్ టికెట్టు లేదు. కిటికీలోంచి అరిస్తే పక్క రూముల వాళ్ళొచ్చి గొళ్ళెం ఊడగొట్టారు. వాడు మెట్ల మీద కూర్చున్నాడు. ఒక చేతిలో నా హాల్ టికెట్టు, రెండో చేతిలో బ్లేడు. లాక్కోబోయిన కుర్రాడికి అరచేతిలో ఏడు కుట్లు పడ్డాయి.

సాయంత్రానికి వాళ్ళ నాన్న వచ్చారు. చేతులు జోడించి, "ఇంటర్లో కూడా ఒక కుర్రాడితో ఇలాగే అయింది బాబూ, కాలేజీ మారితే కుదురుకుంటాడనుకున్నాం" అన్నారు. అంటే ఇంట్లో తెలుసు! మానసిక జబ్బున్న వాళ్ళందరూ బ్లేడు పట్టుకోరు, ఆ విషయంలో సినిమా చేసింది అన్యాయమే. కానీ తెలిసి తెలిసి ఒక్క డాక్టరుకీ చూపించకుండా ఇంకో ఊరి హాస్టలుకి పంపేయడాన్ని ఏమనాలి? ఇప్పుడు కనీసం 2022లో మొదలైన టెలి మానస్ నంబరు ఒకటుంది, 14416. పరువు పోతుందని భయపడకుండా ఫోన్లో మాట్లాడొచ్చు.

చట్టం సంగతి చూస్తే ఇంకా విచిత్రం. వెంటపడి వేధించడాన్ని 2013లో ఐపీసీలో 354డి సెక్షనుగా చేర్చారు. 2024 జులై నుంచి అదే భారతీయ న్యాయ సంహితలో 78వ సెక్షను. రెండింట్లోనూ వేధించేవాడు మగవాడే, బాధితురాలు ఆడమనిషే. గదిలో పెట్టి తాళం వేస్తే నేరం, బ్లేడుతో కోస్తే నేరం. అంతకు ముందు ఏడాదిన్నర పాటు ఒక మగపిల్లవాడు ఇంకో మగపిల్లవాడికి ఊపిరాడకుండా చేస్తే మాత్రం ఆ సెక్షను కిందికి రాదు. ఇద్దరమ్మాయిల మధ్య జరిగినా అంతే.

2008లో ఆర్కుట్‌లో వాడి నుంచి ఫ్రెండ్ రిక్వెస్టు వచ్చింది. ఫొటోలో నాలాగే ఫ్రెంచి గడ్డం, నా కళ్ళజోడు లాంటిదే కళ్ళజోడు. ఒప్పుకోలేదు, కాదనలేదు. 2014లో ఆర్కుట్ మూతపడేదాకా అది అలాగే ఉంది.