అయిదు చుక్కల తీర్పు

ఇంటి కంప్యూటర్‌లోకి దించుకొనే సాఫ్ట్‌వేర్‌కు రంగు, రుచి, బరువు అనేవి లేవు. బేగంబజారులో కందిపప్పు కొనేవాడు గుప్పెడు గింజలు అరచేతిలో పోసుకొని రాళ్లున్నాయేమో చూసుకొన్నట్లు దానిని ముందుగా పరీక్షించుకొనే వీలూ లేదు. అందుచేత ఒక ప్రోగ్రాముకు తన హార్డ్ డిస్కులో చోటివ్వదలచిన గృహస్థు, అంతకుముందే దానికి చోటిచ్చిన అపరిచితుల మాటను నమ్ముకోక తప్పదు. ఆ అపరిచితులు ఒకటి మొదలు అయిదు వరకు చుక్కలు పెడతారు, చుక్కల కింద రెండు వాక్యాలు రాస్తారు. చదివేవాడు చాలాసార్లు వాక్యాలను వదిలి చుక్కలను మాత్రం లెక్కపెట్టుకొంటాడు. అయితే ఆ తీర్పు ఎవరిది, ఎప్పటిది, దేనిమీదిది అన్న మూడు ప్రశ్నలకు చుక్కలు జవాబు చెప్పవు. వాడుకరి అభిప్రాయం నిజానికి సాఫ్ట్‌వేర్‌ను గురించినది కాదు. ఆ సాఫ్ట్‌వేర్ ఫలానా వెర్షన్, ఫలానా యంత్రంలో, ఫలానా అవసరానికి ఏ మేరకు పనికివచ్చిందన్న సాక్ష్యం మాత్రమే. సాక్ష్యాన్ని తీర్పుగా చదవడంలోనే చిక్కంతా ఉన్నది.

ఈ అభిప్రాయాలు చుక్కల రూపం దాల్చకముందు చెక్కుల రూపంలో ఉండేవి. 1982లో అమెరికాలో ఆండ్రూ ఫ్లూగెల్‌మన్ పీసీ-టాక్ అనే మోడెమ్ ప్రోగ్రామును, జిమ్ నాఫ్ పీసీ-ఫైల్ అనే పట్టికల ప్రోగ్రామును దుకాణాలకు పంపకుండా, ప్రతులు తీసి నలుగురికీ పంచండని, నచ్చినవారు మాత్రం డబ్బు పంపండని కోరుతూ విడుదల చేశారు. మరుసటి ఏడాది మైక్రోసాఫ్ట్ తొలి ఉద్యోగులలో ఒకరైన బాబ్ వాలెస్, ఆ కంపెనీని విడిచివచ్చి, పీసీ-రైట్ అనే లేఖన సాధనాన్ని ఇదే పద్ధతిలో వదిలాడు. ముందు వాడిచూసి, తరువాత మూల్యం చెల్లించే ఈ ఏర్పాటుకే షేర్‌వేర్ అని పేరు స్థిరపడింది. ఈ పద్ధతిలో వాడుకరి అభిప్రాయానికి ఖర్చు ఉండేది. బాగుందన్నవాడు కవరులో చెక్కు పెట్టి తపాలా బిళ్ల అంటించవలసి వచ్చేది కనుక, ఊరికే మెచ్చుకోవడానికి అవకాశం తక్కువ. అయితే వాలెస్ ఆనాడే మరొక చమత్కారం చేశాడు: 75 డాలర్లు చెల్లించి పేరు నమోదు చేసుకొన్న వాడుకరి ఇచ్చిన ప్రతి ద్వారా మరొకరు నమోదైతే, ఆ మొదటివానికి 25 డాలర్ల కమీషన్ ముట్టేది. మిత్రుని సిఫారసులో స్నేహమెంత, కమీషనెంత అన్న సందేహం ఈ విధంగా డౌన్‌లోడ్ యుగం కన్న ముందే పుట్టింది.

ఇంటర్నెట్ వచ్చిన తరువాత చెక్కు పోయి చుక్క వచ్చింది. 1993లో మొదలైన టూకౌస్ అనే సాఫ్ట్‌వేర్ భాండాగారం, తన పేరులో వినిపించే ‘కౌస్’, అంటే ఆవులు అన్న ధ్వనిని నిలుపుకొంటూ, చుక్కలకు బదులు ఆవులతో మార్కులు వేసేది. అయిదు ఆవులు దక్కిన ప్రోగ్రామును ఉత్తమమైనదిగా భావించేవారు. 1996లో సీనెట్ సంస్థ ప్రారంభించిన డౌన్‌లోడ్ డాట్ కామ్, సంపాదకుల మార్కుల పక్కన వాడుకరుల మార్కులకూ తావిచ్చి, ఈ వాడుకను స్థిరపరచింది.

భారతదేశంలో విదేశ్ సంచార్ నిగమ్ 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవను అందుబాటులోకి తెచ్చినా, ఇళ్లలో మోడెమ్ కాలం నడిచినంతవరకు డౌన్‌లోడ్ అన్నది ఓర్పుకు పరీక్షే. సెకనుకు 56 కిలోబిట్ల మోడెమ్ పూర్తి వేగంతో పనిచేసినా, అయిదు మెగాబైట్ల ఫైలు దిగడానికి 12 నిమిషాలు పట్టేది. ఆ వేగం సామాన్యంగా అందేది కాదు, ఆ మధ్యలో ఎవరైనా ఫోను ఎత్తితే కథ మళ్లీ మొదటికి వచ్చేది. కనుక తెలుగు ఇళ్లలోని కంప్యూటర్లకు షేర్‌వేర్ ఎక్కువగా పీసీ క్వెస్ట్, డిజిట్ వంటి పత్రికలతో వచ్చే సీడీల ద్వారాను, అభిప్రాయం మాత్రం సికింద్రాబాదు చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట్ల సిస్టమ్ అసెంబుల్ చేసిచ్చే కుర్రవాని ద్వారాను చేరేవి. “అందరికీ ఇదే వేస్తున్నాం సార్, ఏ కంప్లయింటూ రాలేదు” అన్న అతని వాక్యమే ఆ కాలపు అయిదు చుక్కలు. అతని అభిప్రాయానికి ఒక విలువ ఉండేది, ఎందుకంటే సిస్టమ్ మొరాయిస్తే కొన్నవాడు వచ్చి నిలబడేది అతని దుకాణం ముందే. డౌన్‌లోడ్ పుటలో చుక్కలు పెట్టినవానికి అటువంటి పూచీ ఏదీ లేదు.

ఈ పూచీలేనితనాన్ని 2007లో ఆండీ బ్రైస్ అనే బ్రిటిష్ ప్రోగ్రామర్ హాస్యంగా నిరూపించాడు. ఈ ప్రోగ్రాము ఏ పనీ చేయదని అందులోనే రాసిపెట్టిన ఒక మామూలు పాఠ్య ఫైలుకు ప్రోగ్రాము వేషం వేసి, తనకు చుక్కలు ప్రసాదించమని అర్థమిచ్చే పేరుతో వందలాది డౌన్‌లోడ్ స్థలాలకు పంపగా, నొక్కితే నడవనైనా నడవని ఆ ఫైలుకు పదికి మించిన అవార్డులు వచ్చాయి. అవార్డు పొందిన రచయిత ఆ అవార్డు బొమ్మను తన పుటలో పెట్టుకొంటాడు, ఆ బొమ్మ వెంట జనం తమ స్థలానికి వస్తారు అన్న లెక్కలో అవార్డులు పంచేవారికి ప్రోగ్రామును తెరిచి చూడవలసిన అవసరం కనిపించలేదు.

పంచేవారి సంగతి అటుంచి, నిజంగా వాడినవారినే తీసుకొన్నా, కలం పట్టేవారు రెండు కొసల మీద కనిపిస్తారు. సాఫ్ట్‌వేర్ తన ఫైలును మింగినప్పుడు ఒకడు రాస్తాడు. పోయిందనుకొన్న పెళ్లి ఫొటోలను అది తిరిగి తెచ్చినప్పుడు మరొకడు రాస్తాడు. రోజూ తెరిచి, పని చూసుకొని, మూసేసేవాడు మాత్రం రాయడు, ఎందుకంటే సక్రమంగా పనిచేసే వస్తువు తన ఉనికినే మరపిస్తుంది. విన్‌రార్ అనే ఫైళ్ల కుదింపు సాధనం ఇందుకు మంచి ఉదాహరణ. నలభై రోజుల పరీక్షా కాలం ముగిసిన తరువాత అది డబ్బు కట్టమని గుర్తుచేస్తుందే తప్ప పని మానదు, ఆ గుర్తుచేసే కిటికీని మూసేసి ఏళ్ల తరబడి వాడుకొన్నవారు లోకమంతటా ఉన్నారు. చెక్కు పంపక, చుక్క పెట్టక, తొలగించనూ తొలగించక ఉంచుకొన్న ఆ మౌనం కూడా ఒక అభిప్రాయమే. బహుశా అన్నిటికన్న నిజాయితీగలది, కాని ఏ సగటులోనూ చేరనిది.

రాసినవారి మాటలలోనూ యంత్రం తన వాటా తాను కలుపుతుంది. పాత కంప్యూటర్‌లో మెమరీ చాలక కూలబడిన ప్రోగ్రాముకు ఒక చుక్క దక్కితే, కొత్త కంప్యూటర్‌లో పరుగెత్తిన అదే ప్రోగ్రాముకు అయిదు దక్కుతాయి; రెండూ కలిసి మూడు చుక్కల సగటైతే, ఆ సగటు ఇద్దరిలో ఎవరి అనుభవమూ కాదు. క్రాక్ చేసిన ప్రతిని, అంటే తాళం పగులగొట్టి దొంగదారిన తెచ్చిన ప్రతిని వాడి, దాని వెంట వచ్చిన వైరస్‌కు అసలు రచయితను తిట్టేవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

పుస్తకం మీద చెప్పిన అభిప్రాయం ఆ పుస్తకానికే అంటిపెట్టుకొని ఉంటుంది. సాఫ్ట్‌వేర్ విషయంలో తీర్పు చెప్పిన మర్నాడే ముద్దాయి మారిపోవచ్చు. 1997లో వెలువడిన విన్‌యాంప్ అనే పాటల ప్రోగ్రాము తన చురుకుదనంతో ఎంతో పేరు తెచ్చుకొన్నది. 2002లో వచ్చిన మూడవ వెర్షన్, కొత్త పునాదుల మీద కట్టినది కావడంతో, బరువెక్కి నెమ్మదించింది. పాత అలంకరణలూ అనుబంధాలూ దానిలో సరిగా ఇమడలేదు. రెండవ వెర్షన్‌కు పెట్టిన చుక్కలను చూసి మూడవదానిని దించుకొన్నవారు మోసపోయామనుకొన్నారు, అనేకులు మళ్లీ రెండవదానికే తిరిగిపోయారు. తయారుచేసినవారు ఆ తిరుగుముఖాన్ని గమనించి, రెండింటి గుణాలనూ కలిపి 2003 చివర కొత్త వెర్షన్ తెచ్చినప్పుడు, రెండూ మూడూ కలిస్తే అయిదు అన్న లెక్కతో నాలుగును దాటవేసి దానికి అయిదవ సంఖ్య ఇచ్చారు. వాడుకరుల అసంతృప్తి ఒక ఉత్పత్తి క్రమసంఖ్యనే మార్చిన సందర్భమిది.

2021లో ఆడాసిటీ విషయంలోనూ ఇటువంటిదే జరిగింది. శబ్దాలను రికార్డు చేసి కూర్చడానికి ఉపయోగపడే ఈ ప్రోగ్రాము ఓపెన్ సోర్స్ తరగతికి చెందినది, అంటే దాని మూల రచనను ఎవరైనా చదివి మార్చుకోవచ్చు. కొత్త యాజమాన్యం వచ్చిన కొద్ది రోజులకే వాడకపు వివరాలను బయటికి పంపే టెలిమెట్రీ అనే ఏర్పాటును ప్రతిపాదించగా, అభ్యంతరాలు వెల్లువెత్తి, ఆ ప్రతిపాదన వెనక్కి పోయింది. ఒంటరి చుక్కకు లేని బలం కారణం చెప్పి ఒక్కటైన అభ్యంతరానికి ఉంటుందని ఈ రెండు ఉదంతాలు చెబుతున్నాయి.

కొన్నిసార్లు వాడుకరి తిట్టు న్యాయమైనదే అయినా తప్పు చిరునామాకు చేరుతుంది. 2011లో డౌన్‌లోడ్ డాట్ కామ్ కొన్ని ప్రోగ్రాములను తన సొంత ఇన్‌స్టాలర్‌లో చుట్టి ఇవ్వసాగింది. ఇన్‌స్టాలర్ అంటే ప్రోగ్రామును కంప్యూటర్‌లో అమర్చే చిన్న సాధనం, దానిలో ముందే టిక్కు పెట్టి ఉంచిన గళ్ల ద్వారా బ్రౌజర్‌కు అక్కరలేని టూల్‌బార్లు వచ్చి తగులుకొనేవి. అలా చుట్టి ఇచ్చినవాటిలో ఒకటైన ఎన్‌మ్యాప్ అనే ప్రోగ్రాము రచయిత గోర్డన్ లైయన్ ఆ ఏడాది డిసెంబరులో దీనిమీద బహిరంగంగా నిరసన తెలిపాడు, ఎందుకంటే టూల్‌బారు అంటించినవారు ఒకరు, నింద మోసేది మరొకరు అయింది. సోర్స్‌ఫోర్జ్ అనే మరొక భాండాగారం ఇటువంటి పద్ధతికే దిగడంతో, బొమ్మలు దిద్దే గింప్ ప్రోగ్రామును విండోస్‌కు అందించేవారు 2013లో అక్కడినుండి తప్పుకొన్నారు. 2015లో వారు వదిలిన ఖాతాలోనే ప్రకటనలు చుట్టిన ఇన్‌స్టాలర్ దర్శనమిచ్చి దుమారం రేగింది. 2016లో యాజమాన్యం మారిన తరువాత ఆ పద్ధతికి స్వస్తి చెప్పారు. ప్యారిస్ విద్యార్థుల ప్రయత్నంగా పుట్టి, నారింజ రంగు ట్రాఫిక్ శంకువు గుర్తుతో ఇంటింటా తెలిసిన వీఎల్‌సీ వీడియో ప్లేయర్ మాత్రం, ఇటువంటి బేరాలకు ఒప్పుకోక, ప్రకటనలు లేకుండానే నిలిచింది.

ఎంత నిజాయితీగల వాడుకరి అయినా చెప్పలేని విషయం ఒకటున్నది, అది భద్రత. విన్‌రార్‌లోని ఒక పాత భాగంలో దాదాపు 19 ఏళ్లుగా దాగి ఉన్న లోపాన్ని చెక్ పాయింట్ సంస్థ పరిశోధకులు 2019లో బయటపెట్టారు; అంతకాలమూ అది హాయిగా పనిచేస్తున్నదని చెప్పినవారెవరూ అబద్ధమాడలేదు, వారికి కనిపించే చోట ఆ లోపం లేదు. పనికిరాని ఫైళ్లను తుడిచి కంప్యూటర్‌ను తేలికపరచే సీక్లీనర్ 2017లో అంతకన్న పెద్ద చిక్కులో పడింది. తయారీదారు పంపిణీ వ్యవస్థలోకే చొరబడినవారు 5.33 వెర్షన్‌లో హానికర భాగాన్ని చేర్చగా, సక్రమమైన డిజిటల్ సంతకంతోనే విడుదలైన ఆ వెర్షన్ సుమారు 22.7 లక్షల కంప్యూటర్లకు చేరింది. ఏళ్ల తరబడి పోగుపడిన మెప్పు ఆ వెర్షన్‌ను దించుకొన్నవారిని కాపాడలేకపోయింది.

తెలుగువారికి మరొక కొరత కూడా ఉన్నది. అక్షరాలు కూర్చే ప్రోగ్రాముకు ఆంగ్ల వాడుకరి అయిదు చుక్కలిస్తే, అందులో తెలుగు ఒత్తులు విడిపోతాయో, గుణింతాలు గళ్లుగా మారతాయో అతనికి తెలిసే అవకాశమే లేదు. విండోస్ ఎక్స్‌పీలో సంక్లిష్ట లిపులకు సంబంధించిన అమరికను వేరుగా ఎంచుకొంటే తప్ప తెలుగు సరిగా కనిపించేది కాదు. అన్ని లిపులకూ ఉమ్మడి సంకేతాలైన యూనికోడ్‌ను ఎరుగని పేజ్‌మేకర్‌లో ‘అను’ అనే పేరుగల ఖతులతో కూర్చిన పాఠం, మరొకచోట అతికిస్తే అర్థంలేని గుర్తులుగా కనిపించేది. కార్డులు, కరపత్రాలు కూర్చుకొన్న తెలుగు ఇళ్లకు ఇవి మొదట కావలసిన వివరాలు. అవి నోటిమాటగా డీటీపీ సెంటర్లలో తిరిగాయే కాని, డౌన్‌లోడ్ పుటలలోని చుక్కల కింద అరుదుగా కనిపించాయి.

ఆన్‌లైన్ సమీక్షల నిజాయితీని కాపాడే ప్రయత్నంగా భారతీయ ప్రమాణాల సంస్థ 2022 నవంబరులో ఐఎస్ 19000 అనే ప్రమాణాన్ని ప్రకటించి, డబ్బిచ్చి రాయించిన సమీక్షలను ప్రచురించకూడదని నిర్దేశించింది. ప్రకటించిన నాటికి అది స్వచ్ఛందంగా పాటించే ప్రమాణమే. అమ్ముడుపోయిన మాటను ఆపడానికి ఉద్దేశించినదే తప్ప, అజాగ్రత్తగా రాసిన మాటను సరిదిద్దగలిగినది కాదు. ఆ బాధ్యత రాసేవారిమీదా చదివేవారిమీదా మిగులుతుంది. చదివేవారు సగటు చుక్కలను దాటి, తమ యంత్రం వంటి యంత్రంలో, తమ అవసరం వంటి అవసరానికి వాడినవాని ఇటీవలి మాటను వెదకడం మేలు. ప్రోగ్రామును దాని సొంత స్థలం నుండే దించుకొని, ఇన్‌స్టాలర్‌లోని ప్రతి గడినీ చదివి ముందుకు నొక్కడం ఇంకా మేలు. రాసేవారు వెర్షన్ సంఖ్యను, కంప్యూటర్ వివరాన్ని, ఎంతకాలం వాడినదీ, తెలుగు సరిగా కనిపించినదీ లేనిదీ చెబితే, మూడు వాక్యాలైనా చాలు. కోపం వచ్చినవారూ కమీషన్ వచ్చేవారూ ఎలాగూ రాస్తారు. ఒక ప్రోగ్రామును పదేళ్లు వాడుకొని ఒక్క వాక్యమైనా రాయనివారే ముందుగా కలం పట్టవలసినవారు.