రోజూ వెళ్తాడు, రేపు వెళ్తాడు

ఆ మధ్య మా పెద్దదాని బ్యాగు సర్దుతుంటే అడుగున నాలుగు మడతలు పెట్టిన ఇంగ్లీషు పేపరు దొరికింది. 25కి 9. ఎందుకు చూపించలేదే అంటే, "చూపిస్తే నువ్వేం చేస్తవమ్మా? నువ్వు తెలుగు మీడియం కదా" అంది. కోపంగా కాదు, మామూలుగానే అంది. అందుకే ఎక్కువ గుచ్చుకుంది.

రాత్రి గిన్నెలు కడిగాక ఆ పేపరు ముందేసుకుని కూర్చున్నాను. 'మై ఫాదర్ డ్యాష్ టు హన్మకొండ ఎవ్రీ డే.' ఖాళీలో 'గోస్' రావాలి. ఇది 'విల్ గో' అని రాసింది. అలాంటి తప్పులే ఇంకో మూడు.

"రోజూ వెళ్తాడు కదమ్మా! వెళ్తాడు అంటే విల్ గోనే కదా" అంది.

అప్పుడర్థమైంది. పిల్లకు తెలివి లేక కాదు, తెలుగులో ఆలోచించి రాసింది. 'రోజూ వెళ్తాడు', 'రేపు వెళ్తాడు'... మనకు క్రియ ఒక్కటే. బీఏలో చదివిన చిన్నయసూరి బాలవ్యాకరణం గుర్తొచ్చింది. 1858 నాటిది. అందులో భూత, భవిష్యత్, వర్తమానాలతో పాటు తద్ధర్మం అని ఇంకోటి ఉంటుంది. సూర్యుడు తూర్పున ఉదయిస్తాడు, ఆవు పాలిస్తుంది అన్నట్టు స్వభావాన్నీ అలవాటునూ చెప్పేది. పాత పుస్తక భాషలో దానికీ భవిష్యత్తుకూ వేరే రూపాలుండేవి. మన మాటల్లో రెండూ కలిసిపోయాయి. ఇంగ్లీషులో వేరుగానే ఉన్నాయి.

"ముందు తెలుగులో అనుకో. పక్కన 'రోజూ' అతుకుతుందా, 'రేపు' అతుకుతుందా చూడు" అన్నాను. ఇక వంట చేస్తూనే వాక్యాలు అడిగేదాన్ని. "అమ్మ పొద్దున్నే లేస్తుంది." "రోజూ! గెట్స్ అప్." "అత్త ఆదివారం వస్తుంది." "ప్రతి ఆదివారమా, వచ్చే ఆదివారమా?" అని నన్నే ఎదురడిగింది. ఆ ప్రశ్న వచ్చిందంటే పాఠం వచ్చినట్టే.

ఒకరోజు ఆయన బస్సు ఆలస్యమైంది. "నాన్న హ్యాజ్ గాన్ టు హన్మకొండ. పోయిండు, ఇంకా రాలే" అంది గుమ్మంలో నిలబడి. చెప్పుల చప్పుడు వినగానే, "హ్యాజ్ బీన్! పోయొచ్చిండు!" అని అరిచింది.

మొన్నటి పరీక్షలో 25కి 16 వచ్చాయి. ఈసారి పేపరుకు మడతల్లేవు. నేను రొట్టెలు చేస్తుంటే తెచ్చి గట్టు మీద పెట్టి, "రెండు తప్పులెందుకో నాకు తెల్వలే, చెప్పు" అంది.