రెట్ట తవ్వుకుపోయిన దీవి.. మళ్లీ పచ్చబడింది!

పట్టుమని పదిహేను మంది పట్టని చిన్న విమానం. అరగంటసేపు కిటికీలోంచి ఎటు చూసినా సముద్రమే. ఉన్నట్టుండి ఆ నీలంలో ఓ ఆకుపచ్చ బొట్టు. దాని చుట్టూ తెల్లటి ఇసుక అంచు. 'ఇంత చిన్న దీవిలో విమానం ఎక్కడ దిగుతుందబ్బా' అని గుండె చిక్కబట్టుకునేలోపే చక్రాలు గడ్డినేలను తాకేస్తాయి. అదే లేడీ ఇలియట్! ఆస్ట్రేలియాలోని బండబర్గ్ పట్టణానికి దాదాపు 80 కిలోమీటర్ల దూరంలో, గ్రేట్ బ్యారియర్ రీఫ్‌కి దక్షిణపు కొసన ఉన్న పగడపు దీవి. మొత్తం కలిపి సుమారు 45 హెక్టార్లు.. అంటే నూటపది ఎకరాలు. మన దగ్గర ఓ మోస్తరు కొబ్బరితోట అంత!

ఆ దీవిలో ఓ విడిది ఉంది. దాన్ని నడుపుతున్నది పేరుమోసిన హోటళ్ల సంస్థ కాదు, ఓ కుటుంబం. పీటర్ గ్యాష్, ఆయన భార్య జూలీ, వారి కుమార్తెలు. వచ్చినవారికి గది ఇవ్వడం, భోజనం పెట్టడం ఒక్కటే వాళ్ల పని కాదు. ఒకప్పుడు మనుషులు గుల్ల చేసిన నేలను మళ్లీ బతికించడం కూడా వాళ్ల సంసారంలో భాగమే.

పేరులో మద్రాసు

ఈ దీవికీ మనకీ ఓ పాత చుట్టరికం ఉంది. 1816లో మనదేశం నుంచి సిడ్నీకి బయల్దేరిన ఓ ఓడ కెప్టెన్ ఈ దీవిని చూసి లోకానికి తెలియజేశాడు. ఆ ఓడ పేరే లేడీ ఇలియట్. కోస్తాంధ్ర మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న ఆ రోజుల్లో గవర్నరుగా పనిచేసిన హ్యూ ఇలియట్ భార్య పేరును ఆ ఓడకు పెట్టారు. తిరుగు ప్రయాణంలో ఓడ మునిగిపోయింది కానీ పేరు మాత్రం దీవికి మిగిలిపోయింది.

దీవికి అసలు కష్టం 1863లో మొదలైంది. వేల ఏళ్లుగా సముద్రపక్షులు వేసిన రెట్ట అక్కడ పొరలు పొరలుగా పేరుకుని ఉండేది. పొలాలకు అది బంగారంలాంటి ఎరువు. ఇంకేముంది.. కూలీలు దిగారు, చెట్లు కొట్టారు, నేలను తవ్వి ఓడలకెత్తారు. పదేళ్లలో, 1873 నాటికి, పైమట్టి మొత్తం పోయింది. మిగిలిందల్లా పగడపు రాళ్లు, దీపస్తంభం. చెట్టు లేకపోతే పక్షి ఎక్కడ వాలుతుంది? దాదాపు వందేళ్లపాటు ఆ దీవి బోడిగుండులాగే ఉండిపోయింది.

1969లో డాన్ ఆడమ్స్ అనే పైలట్ దీవిని లీజుకు తీసుకుని మొక్కలు నాటడం మొదలుపెట్టాడు. వాటిలో ముఖ్యమైనది ఏమిటో తెలుసా? మన సముద్రతీరాల్లో కనిపించే సరుగుడే! ఉప్పుగాలికి, ఇసుకనేలకి తట్టుకుని నిలబడే గుణం దానిది. విమానాలు దిగేందుకు ఆ రాతినేల మీద ఓ దారి కూడా తయారైంది.

జనరేటర్ చప్పుడు ఆగింది

పీటర్ కూడా పైలటే. సందర్శకులను ఈ దీవికి చేరవేసే చిన్న విమానాలు నడిపేవారు. వస్తూ పోతూ దీవి మీద మమకారం పెంచుకున్నారు. 2005లో విడిది లీజు గ్యాష్ కుటుంబం చేతికొచ్చింది. దీవి ప్రభుత్వానిదే. వీళ్లు కాపలాదారులు మాత్రమే.

అప్పట్లో అక్కడ రాత్రీ పగలూ డీజిల్ జనరేటర్ల మోతే. రోజుకు 500 లీటర్లకు పైగా తాగేవి. ఆ డీజిల్‌ని పగడాల మీదుగా పడవలో తేవాలి. ఒక్క పీపా ఒలికినా ముప్పే! అందుకే 2008లో సౌరవిద్యుత్ పెట్టారు. ఏటికేడు పలకలు, బ్యాటరీలు పెంచుకుంటూ వెళ్లారు. సముద్రపు నీటిలో ఉప్పు తీసి తాగునీరు చేసుకుంటారు. ఒకసారి వాడి పారేసే ప్లాస్టిక్ నీళ్ల సీసాలకు అక్కడ చోటు లేదు. ఎవరి సీసా వాళ్లు నింపుకోవాల్సిందే. వంటింటి వ్యర్థాలు ఎరువవుతాయి. ఆ ఎరువుతో నర్సరీలో స్థానిక జాతుల మొక్కలు పెరుగుతాయి.

ఆ మొక్కల్లో పిసోనియా అనే చెట్టుది పెద్దపీట. నల్లటి నాడీ పక్షులు దాని ఆకులతోనే గూళ్లు కట్టుకుంటాయి. చెట్టు వచ్చింది, పక్షి వచ్చింది, పక్షితోపాటు రెట్టా వచ్చింది! వానకు ఆ సారం కొంత సముద్రంలోకి జారి పగడాలకు పోషకమవుతుంది. ఒకనాడు మనుషులు ఓడలకెత్తుకుపోయిన సొమ్మును పక్షులు చిల్లరచిల్లరగా మళ్లీ జమ చేస్తున్నాయన్నమాట. ఆకు నుంచి రీఫ్ దాకా సాగే ఈ గొలుసుకు ఊతమిచ్చేందుకు గ్రేట్ బ్యారియర్ రీఫ్ ఫౌండేషన్ 2018లో ఇక్కడే ఓ పథకం మొదలుపెట్టింది. అదే ఏడాది ఏప్రిల్‌లో అప్పటి బ్రిటన్ యువరాజు ఛార్లెస్ వచ్చి, పగడాల సంరక్షణ మీద దీవిలోనే సమావేశంలో కూర్చున్నారు.

గులాబీ అతిథి

దీవి చుట్టూ నీళ్లలో మాంటా రే అనే భారీ చేపలు రెక్కలు చాచి ఎగురుతున్నట్లు ఈదుతాయి. పొట్టమీది మచ్చలే వాటికి వేలిముద్రలు. ఆ మచ్చల ఫొటోలతోనే శాస్త్రవేత్తలు ఒక్కోదాన్నీ గుర్తుపడతారు. 2015లో వాటిలో ఒకటి గులాబీరంగులో కనిపించి అందరినీ అబ్బురపరచింది. దానికి 'పింక్ పాంథర్' సినిమాల్లోని డిటెక్టివ్ పేరు పెట్టారు.. ఇన్‌స్పెక్టర్ క్లూసో! ఇక నవంబరు నుంచి తాబేళ్ల రాక మొదలవుతుంది. అవి ఒడ్డుకొచ్చి గుడ్లు పెడితే పిల్లలు వేసవి చివరికల్లా సముద్రం వైపు పరుగుతీస్తాయి.

అంతా బాగానే ఉంది కానీ..

సముద్రం వేడెక్కుతోంది. 2016లో రీఫ్ ఉత్తర భాగం పగడాలు తెల్లబారాయి. 2017లో మధ్యభాగం వంతు. దక్షిణం కాస్త నయమనుకుంటుండగా 2024లో అక్కడా గట్టిదెబ్బ తగిలింది. ఇసుక వేడిని బట్టే తాబేలు పిల్ల ఆడో మగో తేలుతుంది. రీఫ్ ఉత్తర భాగంలోని పచ్చతాబేళ్ల పిల్లల్లో 99 శాతం ఆడవేనని 2018లో వెలువడిన అధ్యయనం తేల్చింది. ఒక కుటుంబం ఎన్ని సౌరపలకలు పెడితే సముద్రం చల్లబడుతుంది?

మరో చిక్కూ ఉంది. ఇంత పొదుపుగా బతికే దీవికి అతిథులు రావాలంటే విమానమే దిక్కు. ఆ విమానం ఇంధనం తాగాల్సిందే. వాళ్లు రాకపోతే విడిది నడవదు, విడిది నడవకపోతే నర్సరీకి నీళ్లు పోసేవారుండరు. ఈ ముడి ఇంకా పూర్తిగా విడిపోలేదు. అందాకా చేతిలో ఉన్న పని మానకపోవడమే వాళ్లకు తెలిసిన మార్గం.

పదేళ్లలో పోయిన మట్టి తిరిగి రావడానికి వందల ఏళ్లు పడుతుంది. మొక్క నాటిన చేతులు ఆ నేలను చూడవు. అయినా దీవిలో ఎక్కడో ఓచోట గుంత తీసి పిసోనియా మొక్క పెడుతూనే ఉంటారు. అది ఎదిగి కొమ్మ వేసేలోపు.. గూడు కోసం ఓ పక్షి ఎలాగూ ఎదురుచూస్తూ ఉంటుంది!