నొగకు కట్టిన ఇల్లు

శ్రీనగరులో మొదలై కన్యాకుమారిలో ముగిసే 44వ నంబరు జాతీయ రహదారి నిర్మల్ తరువాత సోన్ వద్ద గోదావరిని దాటి, బాల్కొండ మీదుగా ఆర్మూరుకు చేరుతుంది. నాలుగు వేల కిలోమీటర్ల పైబడిన ఆ దారిని, నిజామాబాదు నుండి జగిత్యాల వైపు సాగే 63వ నంబరు రహదారి ఇక్కడే ఖండిస్తుంది. పుష్యమాసపు వేకువజామున ఈ కూడలిలో కొంతసేపు నిలిచి చూసినవారికి చలి కూడా ప్రయాణం చేస్తున్నదన్న భ్రమ కలుగుతుంది. ఉత్తరాది లారీలు టార్పాలిన్ల మీద మంచుతడితో దిగివస్తాయి. వాటి డ్రైవర్లు టీకొట్ల ముందు మఫ్లర్లు విప్పి చంకన పెట్టుకుంటారు. అదే వేళకు ఆర్మూరువారు తమ మఫ్లర్లను మరింత బిగించి చుట్టుకుంటారు. ఎక్కడినుండి వచ్చినవారికి అక్కడి లెక్క.

ఆ లారీల నడుమ, వాటికంటె చాలా మెల్లగా, మరొక విచిత్రమైన బండి కనిపిస్తుంది. ట్రాక్టరు వెనుక కొక్కేనికి తగిలించిన ఇనుప చట్రం. దానిమీద నీటితొట్టి, పొయ్యి, పొగగొట్టం, పక్కన పెద్ద పెద్ద డ్రమ్ములు. అది పసుపును ఉడికించే ఆవిరి బాయిలరు. జూన్ నెల తొలకరికి నాటిన పసుపు జనవరి నుండి మార్చి దాకా తవ్వకానికి వస్తుంది. తవ్విన కొమ్ములను ఉడికించి, పది పదిహేను రోజులు ఎండబెట్టి, తిరిగే పీపాలలో మెరుగు పట్టించిన తరువాతగాని అవి అంగడికి చేరవు. పూర్వం చేని గట్టునే పెద్ద కడాయిలు పెట్టి ఉడికించేవారు. ఇప్పుడు పొయ్యియే పసుపును వెదుక్కుంటూ ఊరూరా తిరుగుతున్నది. దానిని నడిపేవారు ఆ రెండు మూడు నెలలు తమ గూటిని కూడా దాని వెంటనే తిప్పుకుంటారు. ఒక పరుపుచుట్ట, బియ్యపు సంచి, నాలుగు గిన్నెలు, ఒక టార్పాలిన్. కళ్లం పక్కన పడక. చల్లారుతున్న బాయిలరు వెచ్చదనమే సగం రాత్రి దాకా కంబళి. 2025లో నిజామాబాదు కేంద్రంగా జాతీయ పసుపు బోర్డు ఏర్పడింది. పంటకు ఒక స్థిరమైన కార్యాలయం దొరికింది. పొయ్యి మాత్రం ఇంకా సంచారంలోనే ఉన్నది.

ఇంటిని వాహనానికి తగిలించుకొని చలిని విడిచిపోవడం అమెరికా, కెనడాలలో ఏటేటా జరిగే పెద్ద యాత్ర. ఆకులు రాలి, తొలి మంచు పడే వేళకు ఉద్యోగ విరమణ చేసిన దంపతులు ఎందరో తమ కార్ల వెనుక చక్రాల ఇళ్లను కట్టుకొని దక్షిణానికి బయలుదేరుతారు. మంచుపక్షులని వారికి అక్కడి జనం పెట్టిన పేరు. టెక్సాస్, ఆరిజోనా, ఫ్లోరిడా రాష్ట్రాలు వారి మజిలీలు. ఆరిజోనా ఎడారిలో క్వార్ట్‌జ్‌సైట్ అనే చిన్న పట్టణమున్నది. అక్కడి స్థిరనివాసులు కొద్ది వేలమందే. శీతకాలంలో మాత్రం లక్షల సంఖ్యలో జనం వచ్చిపోతారు. ఆ చుట్టుపక్కల ప్రభుత్వ భూములలో సెప్టెంబరు 15 నుండి ఏప్రిల్ 15 వరకు, ఒక్క అనుమతి పత్రంతో, ఎవరి ఇంటిని వారు నిలుపుకొని ఉండవచ్చును. ఈ చక్రాల ఇళ్లకు ఒక మెరుగైన రూపమిచ్చినవారిలో వాలీ బయమ్ ఒకడు. 1936లో అతడు రూపొందించిన అల్యూమినియం బండిలో పడకలు, నీటి వసతి, విద్యుద్దీపాలు ఉండేవి.

వినడానికి ఇది విలాసంగా తోస్తుంది. బయలుదేరే రోజు మాత్రం విలాసం కాదు. నీరు గడ్డకట్టితే దాని పరిమాణం సుమారు 9 శాతం పెరుగుతుంది. గొట్టాలు పగలడానికి అది చాలును. అందువల్ల చలిదేశంలో నిలిపి ఉంచిన ఇంటి గొట్టాలలోని నీటినంతా ఒలకబోసి, గడ్డకట్టని గులాబిరంగు ద్రవాన్ని నింపుతారు. వెచ్చని సీమ చేరేదాకా ఆ ఇంట్లో కుళాయి ఉంటుంది గాని నీరుండదు. మొదటి రెండు మూడు రోజులు సీసా నీళ్లతో ముఖం కడుక్కోవలసిందే. దారిమీద కంటికి కనిపించని పలుచని మంచుపొర మరొక ప్రమాదం. అన్నింటికంటె భయపెట్టేది వెనుక బండి తోక ఆడించినట్లు ఊగడం. బరువు వెనక్కు చేరితే ఆ ఊపు మొదలై, ముందున్న కారును కూడా దారి తప్పిస్తుంది. అందుకే మొత్తం బరువులో 10 నుండి 15 శాతం నొగ మీద, అంటే కొక్కెం మీద పడేటట్లు సామాను సర్దాలని అక్కడివారు లెక్క కట్టారు.

ఈ లెక్క తెలుగు రైతుకు కొత్తది కాదు. ఎడ్లబండిలో ధాన్యపు బస్తాలు వేసేవాడు నొగ పట్టుకొని ఒకసారి ఎత్తి చూస్తాడు. వెనుక బరువైతే కాడి పైకి లేచి పట్టెడలు ఎడ్ల గొంతులకు బిగుసుకుంటాయి. ముందు బరువైతే మెడలు పుండ్లు పడతాయి. బరువు ఇరుసుకు కొంచెం ముందుగా నిలవాలి. ఆ కొంచెం ఎంతో చెప్పడానికి అతని వద్ద శాతాలు లేవు, చేతికి తెలుసు.

తెలుగువారు ఉత్తరం రాసినప్పుడు మొదట అడిగేది యోగక్షేమాలు. లేనిదానిని సంపాదించడం యోగమనీ, ఉన్నదానిని కాపాడుకోవడం క్షేమమనీ శంకరాచార్యులవారి వ్యాఖ్య. కాని వేదకాలపు జీవనాన్ని పరిశీలించిన కొందరు పండితులు ఈ జంటపదంలో ఇంకా పాత అర్థమొకటి చూశారు. యోగమంటే ఎడ్లను కాడికి పూన్చడం, అంటే బయలుదేరడం. క్షేమమంటే కాడి దించి ఒకచోట నిలవడం. పశువుల మేతకోసం కదిలే జనానికి సంవత్సరంలో కొంతకాలం యోగం, కొంతకాలం క్షేమం. ఈనాడు కార్డుముక్క మీద ఆ మాట రాసేవారు కూడా అరుదైపోయారనుకోండి. అయినా ఫోనులో కుశలమడిగేటప్పుడు పెద్దలు దానిని విడువలేదు.

ఆ లయను తప్పకుండా పాటించేవారు గొర్రెల కాపరులు. వానకాలపు పంటలు ఇంటికి చేరాక కురుమలు, గొల్లలు మందలను తోలుకొని గోదావరి ఒడ్డుకు, 1963లో పునాదిరాయి పడిన శ్రీరాంసాగర్ జలాశయపు అంచులకు సాగుతారు. నీరు వెనక్కు తగ్గినకొద్దీ పచ్చిక పైకి తేలుతుంది. రాత్రివేళ మందను ఏదో ఒక రైతు చేలో నిలుపుతారు. ఆ ఎరువుకు ప్రతిఫలంగా ధాన్యమో పైకమో ముడుతుంది. పుట్టి రెండు రోజులైనా కాని పిల్లలను గంపల కింద కమ్మి చలినుండి కాస్తారు. కాపరికి మాత్రం భుజం మీది గొంగడియే గోడ, అదే కప్పు. అమెరికా దంపతుల చక్రాల ఇంటికి తాళముంటుంది. ఇతని ఇంటికి దులిపి మడతపెట్టే సౌకర్యమున్నది.

అయితే ఇంటిని, అంగడిని, బంధువర్గాన్ని ఏకంగా దారిమీదనే నిలుపుకొన్నవారు బంజారాలు. వారి ఎడ్లకు బండ్లు లేవు. వీపున రెండు పక్కలా వేలాడే పెరికలు ఉండేవి. ఉప్పు, ధాన్యం వాటిలో నింపుకొని దేశమంతా తిరిగేవారు. ఎడ్లు దారిపక్క గడ్డి మేస్తూ నడిచేవి గనుక రవాణాకు ఖర్చు తక్కువ. తొందర ఉండేది కాదు. వానకాలంలో దారులు బురదయ్యేవి, తండా ఒకచోట దిగేది. నేల గట్టిపడి చలి మొదలుకాగానే మళ్లీ కదిలేది. 1632లో పీటర్ ముండీ అనే ఆంగ్లేయుడు 14,000 ఎడ్లున్న తండా తనకు ఎదురైనట్లు రాసుకున్నాడు. ఫ్రెంచి వర్తకుడు టావెర్నియే పది పన్నెండు వేల ఎడ్ల బిడారులను గూర్చి చెబుతూ, ఇరుకు దారిలో అవి ఎదురైతే పూర్తిగా దాటిపోయేదాకా రెండు మూడు రోజులు ఆగవలసివచ్చేదని విసుక్కున్నాడు. మొగలు సైన్యాలు దక్కను మీదికి దిగినప్పుడు వాటి అన్నం ఈ ఎడ్ల వీపుల మీదనే వచ్చింది. రైలు వచ్చాక ఆ పని పోయింది. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి గోదావరి లోయ రైలుమార్గం నిజామాబాదు మీదుగా మన్మాడు దాకా సాగింది. మూడు రోజులు దారి అడ్డగించిన బిడారు చేసే పనిని రైలు ఒక్క పూటలో ముగించింది.

పని పోయినవారి మీద అనుమానం కూడా పడింది. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం చేసింది. ఇల్లు ఒకచోట లేకపోవడమే నేరానికి తొలి సాక్ష్యమన్నట్లు, సంచారజాతులు ఎన్నింటినో ఆ జాబితాలో చేర్చారు. బంజారాలలోని పలు సమూహాలకు కూడా వేర్వేరు ప్రాంతాలలో ఆ ముద్ర తప్పలేదు. పుట్టిన బిడ్డకు పుట్టుకతోనే ఆ ముద్ర. 1952లో చట్టం రద్దయింది. ఊరి పొలిమేరలో గుడారం కనిపిస్తే ఆ రాత్రి ఇంటి తలుపుకు మరొక గడియ వేసే అలవాటు అంత త్వరగా రద్దు కాలేదు. ఎడారిలో చక్రాల ఇంటిని నిలిపిన విదేశీ వృద్ధుని చూసి జీవితాన్ని అనుభవిస్తున్నాడంటారు. రహదారి పక్కన డేరా వేసిన కుటుంబాన్ని ఎక్కడివారు, ఎందుకొచ్చారు అని నిలదీస్తారు. ఇద్దరూ చేసే పని ఒకటే. ఒకరికి తిరిగి వెళ్లడానికి మరొక ఇల్లున్నది, రెండవవారికి లేదు, ప్రశ్నలన్నీ లేనివారికే.

ఈ విషయంలో భాష కూడా నిష్పక్షపాతంగా లేదు. బౌధాయన ధర్మసూత్రం గృహస్థులను శాలీనులు, యాయావరులు, చక్రచరులు అని విభజించింది. శాలలో స్థిరంగా ఉండేవాడు శాలీనుడు. ఒకచోట నిలవక సాగిపోయేవాడు యాయావరుడు. ముగ్గురూ గౌరవనీయులైన గృహస్థులే. కావ్యమీమాంస రచించిన రాజశేఖరుడు తనను యాయావరీయుడని సగర్వంగా చెప్పుకున్నాడు. ఆర్మూరుకు ఆనుకొని ఉన్న నల్లని బండల గుట్ట మీద నివసించారని చెప్పే నవనాథ సిద్ధులు కూడా సంచారులే. వారి పేరనే ఈ ఊరికి నవనాథపురమన్న పేరు కలిగిందని స్థానికులు చెబుతారు. తరువాత ఏమైందో చూడండి. శాలీనత అంటే వినయం, మర్యాద అన్న అర్థం స్థిరపడింది. ఇంట్లో ఉన్నవాడి పేరు సద్గుణమైంది. యాయావరుడి పేరు నిఘంటువులో మిగిలింది.

రాజస్థానులోని గాడియా లోహారుల కథ ఇంకొక విధమైనది. కమ్మరి పని చేసే వీరికి బండియే ఇల్లు, బండి పేరే కులనామం. 1568లో చిత్తోడు కోట అక్బరు వశమైనప్పుడు, అది మళ్లీ స్వతంత్రమయ్యేదాకా కప్పు కింద నివసించబోమనీ, మంచం మీద పడుకోబోమనీ వారి పూర్వులు ప్రతిన పూనారని సంప్రదాయం చెబుతుంది. 1955 ఏప్రిల్‌లో ప్రధాని జవహర్‌లాల్ నెహ్రూ స్వయంగా వారిని వెంటబెట్టుకొని ఆ కోటలోకి తీసుకువెళ్లారు. ప్రతిన తీరింది. చాలామంది బండ్లు మాత్రం ఆ తరువాత కూడా దారిమీదనే ఉండిపోయాయి. ప్రతిన తీరినంత మాత్రాన పొలం, ఇల్లు దొరకవు గదా.

తెలుగునాట ఇప్పుడు మరొక రకం మంచుపక్షులు కూడా ఉన్నారు. పిల్లలు అమెరికాలో స్థిరపడిన తల్లిదండ్రులు వేసవిలో వెళ్లి, సందర్శకుల అనుమతి ఇచ్చే ఆరు నెలలు ముగిసేవేళకు, అక్కడ మంచు పడకముందే తిరిగివస్తారు. వారు వెంట లాగేది ఇంటిని కాదు, రెండు పెట్టెలను. పోయేటప్పుడు వాటిలో పసుపు, కారం, పచ్చళ్లు. వచ్చేటప్పుడు మనుమల ఫోటోలు, ఎవరెవరికో చాకొలేట్లు. తాళం తీసిన ఇంట్లో దుమ్ము దులిపి, దీపం పెట్టి, సంక్రాంతి దాకా అక్కడి చలిని గూర్చి ఇరుగుపొరుగులకు చెబుతారు. మోకాళ్లు సహకరించినంత కాలమే ఈ రాకపోకలు. ఆ తరువాత ఏ గడ్డ మీద ఉండిపోవాలన్న ప్రశ్న చక్రాల ఇల్లున్న దంపతులకూ, పెట్టెలున్న ఈ దంపతులకూ ఒకేవిధంగా ఎదురవుతుంది. ఆ ప్రశ్నను పిల్లల ముందు ఎవరూ ఎత్తరు.

బంజారాలు తెలంగాణలో నేల మీద నిలదొక్కుకొని చాలా కాలమైంది. 1976లో ఇక్కడి లంబాడీలను షెడ్యూల్డు తెగలలో చేర్చారు. 2018 నాటి పంచాయతీరాజ్ చట్టంతో, ఐదువందల జనాభా దాటిన తండాలు వేరుగా గ్రామపంచాయతీలయ్యాయి; అలాంటివి రాష్ట్రంలో వెయ్యికి పైగా ఉన్నాయి. సర్పంచి, కార్యాలయం, జెండా కర్ర, గోడమీద పేరు అన్నీ వచ్చాయి. గ్రామమనే మాటకు వేదంలో స్థిరమైన ఊరికంటె ముందు మరొక అర్థముండేదని పండితులంటారు: బండ్లు కట్టుకొని, పశువులను తోలుకొని కలిసి నడిచే జనసమూహం.