కొట్టేసిన మూడు పేర్లు

మాది నూజివీడు పక్క ముసునూరు, మాలపల్లె. చుట్టూ మామిడి తోటలే. బంగినపల్లి, చిన్నరసం, పెద్దరసం, కలెక్టరు... ఏ కాయ ఏదో చీకట్లో వాసన చూసి చెప్పేవాళ్లం. చెట్టు మాత్రం ఒక్కటీ మాది కాదు. చిక్కంతో కోసేదీ, గంపలు మోసేదీ మేము. రాలిన కాయ ఏరుకుంటే కావలివాడి కర్ర వీపు మీద పడేది.

అమ్మ పుట్టిల్లు దివిసీమ. నాగాయలంక అవతల, కృష్ణ సముద్రంలో కలిసే వైపు. సెలవులకి పోతే అమ్మమ్మ నన్ను మడ అడవికి తీసుకుపోయేది. "ఈడ కావిలోడు లేడ్రా అబ్బాయా" అనేది. ఉప్పుపర్రలో ఇలకూర కోసుకునేవాళ్లం. పీతలు పట్టి, ఎండుపుల్లలు మోపు కట్టి తెచ్చుకునేవాళ్లం.

ఒక్కో చెట్టూ ఆమెకి చుట్టమే. "మడాకు నాకి చూడు" అనేది. ఉప్పగా ఉండేది. తాగిన ఉప్పుని ఆ చెట్టు ఆకుల మీదికి కక్కేస్తుంది. బురదలో గాలాడదు గనక దాని వేర్లు వేళ్లలాగా పైకి పొడుచుకొచ్చి ఊపిరి పీలుస్తాయి. పొన్న కాళ్లు ఎడంగా చాపి నిలబడుతుంది. దాని గింజ చెట్టు మీదే మొలకెత్తి, బరిసెలాగా బురదలో దిగబడుతుంది. తిల్ల దగ్గరికి మాత్రం పోనిచ్చేది కాదు. "దాని పాలు కంట్లో పడితే చూపు పోద్ది." గుగ్గిలం తెల్లగా పూస్తే తేనెటీగలు ముసిరేవి. ఆల్చి ముళ్లాకులు కాళ్లు గీరేవి.

ఒకసారి బడిలో తెలిసిన చెట్ల పేర్లు రాయమన్నారు. మామిడి, వేప, చింత రాసి, కింద మడ, తిల్ల, పొన్న అని రాశాను. "మడ కూడా చెట్టేనట్రా? బురదలో తుప్ప. మీ పల్లె బుద్ధి పోనిచ్చుకున్నావు కాదు" అన్నాడు పంతులు. పిల్లలంతా నవ్వారు. ఆ మూడు పేర్లూ నా చేత్తో నేనే కొట్టేశాను.

1977 నవంబరు 19న దివిసీమని ఉప్పెన ముంచింది. వేలమంది పోయారు. అమ్మమ్మా పోయింది. మామయ్య మడచెట్టుని కావలించుకుని తెల్లవార్లూ వేలాడి బతికాడు. "అడివున్న కాడ నీళ్లు కాస్త మెత్తబడ్డయిరా. నరికేసిన కాడ గోడలాగా వచ్చి పడ్డయి" అన్నాడు.

1989లో అక్కడ కృష్ణా అభయారణ్యం వచ్చింది. ఆ తర్వాత ఏళ్లలో తీరం పొడుగునా రొయ్యల చెరువులు లేచాయి. 1996లో సుప్రీంకోర్టు వాటిని తప్పుపట్టింది. పీతలు పట్టిన మావాళ్లు ఆ చెరువుల గట్ల మీద కూలీలయ్యారు. అక్కడికీ కావలివాడు వచ్చాడు.

ఇప్పుడు పెద్దలు మడని తీరానికి కోటగోడ అంటున్నారు. కాలవలు తవ్వి మొక్కలు నాటుతున్నారు. మంచిదే. ఆ కోట విలువ అమ్మమ్మకి ముందే తెలుసు. ఆమెని అడిగినవాళ్లే లేరు.

ఆనాడు కొట్టేసినవి మళ్లీ రాస్తున్నాను. మడ. తిల్ల. పొన్న.