మొత్తం ఎందరు?

ఇంటర్ లెక్కల్లో ‘సంయోగాలు’ అని ఒక పాఠం ఉంది. పది మందిలో ఇద్దరిని ఎన్ని రకాలుగా ఎంచుకోవచ్చంటే పిల్లలు టక్కున 45 అంటారు. దాన్నే తిరగేసి, 66 జతలు వచ్చాయి, మొత్తం ఎందరు అని అడిగితే బిక్కమొహం వేస్తారు. దీనికి కరచాలనాల ఉదాహరణ చెప్పడం మామూలు. మా నల్లమాడలో ఎదురుపడితే ‘ఏమప్పా, బాగుండావా’ అనడమే గానీ చేతులు కలిపేదెవరు? అందుకే నేను కబడ్డీ పోటీలు చెబుతాను. ప్రతి జట్టూ మిగతా జట్లన్నిటితో ఒక్కోసారి ఆడింది. మొత్తం 66 ఆటలు. జట్లెన్ని? ఒక్కో ఆటను రెండు జట్ల వైపు నుంచీ లెక్కేస్తే 132. పక్కపక్క సంఖ్యలు రెండు గుణిస్తే 132 రావాలి. 12, 11. జట్లు పన్నెండు. వర్గ సమీకరణం వేస్తే మైనస్ 11 కూడా వస్తుంది గానీ, మైనస్ జట్లు ఏ ఊర్లోనూ ఆడవు.

9వ శతాబ్దంలోనే మహావీరాచార్యుడు ‘గణితసారసంగ్రహం’లో ఇలాంటి ఎంపికలకు సూత్రం చెప్పాడు. 11వ శతాబ్దంలో పావులూరి మల్లన ఆ గ్రంథాన్ని తెలుగు చేశాడు. ఇంత పాత లెక్కను పిల్లలు బట్టీ పడుతుంటే నాకు మనసొప్పదు.

సాయంత్రం నా దగ్గరికి చదువుకోడానికొచ్చే పాప ఒకరోజు అడిగింది. ‘‘ఎన్‌సీ5, ఎన్‌సీ6 సమానమైతే ఎన్ 11 అని రాస్తాండాం. రెండూ ఎందుకు కలపాల సార్?’’

‘‘మీ ఇంట్లో ఎందరమ్మా?’’

‘‘ఐదుమంది.’’

‘‘ముగ్గురు బెంగళూరు పోవాలంటే ఎన్ని రకాలు?’’

‘‘పది.’’

‘‘ఇద్దరు ఇంటికాడ ఉండాలంటే?’’

రాయబోయి ఆగింది. ‘‘అదే గద సార్. పొయ్యేటోళ్లను ఎంచుకుంటే ఉండేటోళ్లను ఎంచుకున్నట్టే.’’ కాసేపాగి మెల్లిగా అంది. ‘‘ఆ పదిట్లో మా ఇంట్లో ఒకటే అనుకుంటాండారు. అమ్మ, నాయన, నేను. అవ్వ, తమ్ముడు ఈడ.’’

ఏడాదికి 550 మిల్లీమీటర్ల చుట్టుపక్కల వాన పడే సీమ మాది. అదీ అదనుకు పడదు. శెనిక్కాయ పోయిన ఏడు జనం బెంగళూరు బస్సెక్కుతారు. నాకది తెలియంది కాదు. అయినా ఆ మాటకు నోట మాట రాలేదు. ఐదుగురు పోయి ఆరుగురు ఉంటే మొత్తం పదకొండు అని ఎట్లాగో పాఠం ముగించాను.

మరుసటి ఆదివారం వాళ్ల నాయనను కలిశాను. ‘‘ముగ్గురం పనిచేస్తే అప్పు ఒక్క ఏడాదిలో తీరుతుంది సార్’’ అన్నాడు. కాదనడానికి నా దగ్గర లెక్క లేదు. పబ్లిక్ పరీక్షలయ్యేదాకా పాపను ఉండనీమన్నాను. చూస్తానన్నాడు.

పాప ఇంకా వస్తోంది. ఈ వారం ఎన్‌సీ4, ఎన్‌సీ3 నిష్పత్తి లెక్కలు చేస్తున్నాం.