ఒకే కేకు... పదకొండు పేర్లు

సెలవులొస్తే ఇల్లంతా పిల్లలే. అందరి పుట్టినరోజులూ ఒక్కరోజే! ఫంక్షన్ హాలు లేదు, రిటర్న్ గిఫ్టుల గొడవ లేదు. ఓ బండి, నాలుగు క్యారియర్ల పులిహోర, ఎదురుగా నాగార్జునసాగర్. అంతకన్నా పండగేముంటుంది?

ఇంట్లో ఒక్క పిల్లాడుంటే ఏడాదికి ఒక పుట్టినరోజు. ఇద్దరుంటే రెండు. అంతవరకూ లెక్క తేలికే. అదే అన్నదమ్ములు, అక్కచెల్లెళ్ల పిల్లలంతా కలిసి ఓ డజనుకు దగ్గరైతే? నెలకో కేకు! ఒకరి పుట్టినరోజుకు మూడొందలమందిని పిలిచి, మరొకరికి ఇంట్లోనే కానిచ్చేస్తే చిన్నబుచ్చుకునే ముఖాలు. 'వాడికి పెద్ద కేకు, నాకు చిన్న కేకా?' అనే పేచీ ఏ ఇంట్లో వినలేదు చెప్పండి!

వెనకటి రోజుల్లో ఈ బాధ లేదు. పొద్దున్నే తలంటి, కొత్త గౌనో చొక్కానో తొడిగి, గుడికి తీసుకెళ్లి, ఇంత పాయసం చేతిలో పెడితే పుట్టినరోజు అయిపోయినట్టే. బళ్లో పంచడానికి ఓ చాక్లెట్ల ప్యాకెట్టు ఉంటే ఆ పిల్లాడు ఆ రోజుకు రాజు.

మేం ఐదుగురం. మా పిల్లలు పదకొండుమంది. ఎవరి పుట్టినరోజు నాడు వాళ్లింట్లో తలంటూ పాయసం మామూలే. పండగ మాత్రం అందరికీ కలిపి దసరా సెలవుల్లో, నల్గొండలో అమ్మ దగ్గర. ఆ రోజు ఎవరూ ఇంట్లో ఉండకూడదు. పొద్దున వెళ్లి రాత్రికి వచ్చేయాలి. ఇదీ నియమం. అలా ఓ ఏడు పానగల్లు గుళ్లు, ఓ ఏడు సూర్యాపేట దగ్గరి పిల్లలమర్రి, ఇంకో ఏడు భువనగిరి కోట చూసొచ్చాం. ఆ తర్వాతి దసరాకు పిల్లలంతా కలిసి ఓటేసి మరీ ఎంచుకున్న చోటు నాగార్జునసాగర్.

బండెక్కితే లెక్క చెప్పాల్సిందే!

పిల్లల గుంపుతో బయటికెళ్లేవాళ్లకు తెలుసు... దారి కన్నా, భోజనం కన్నా పెద్ద పని లెక్క. ఎక్కినప్పుడు ఎంతమంది, దిగినప్పుడు ఎంతమంది? మా పెద్దక్క దీనికో ఉపాయం కనిపెట్టింది. వయసు వరసలో ప్రతి పిల్లకూ ఓ అంకె. అందరికన్నా పెద్దవాడు 'ఒకటి' అనాలి. తర్వాతి పిల్ల 'రెండు' అనాలి. అలా నాలుగేళ్ల చిట్టిది 'పదకొండు' అని అరిచాకే బండి కదలాలి. అంకె ఆగిందంటే ఎవరో తప్పిపోయినట్టు. ఎవరో వెతకక్కర్లేదు, ఏ అంకె దగ్గర ఆగిందో చూస్తే చాలు.

ఆ ఏడు ఆరింటికల్లా బండి సిద్ధమైంది. కిటికీ సీట్ల యుద్ధం ముగిసింది. వాంతులయ్యే ఇద్దరికీ ముందు సీటు, చేతిలో నిమ్మకాయ. పెద్దక్క 'లెక్క' అంది. ఎవరూ పలకలేదు. ఒక్క క్షణం అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. 'ఒకటి' రాలేదు. వాడు ఇంటర్ మొదటి సంవత్సరం, హాస్టల్లో ఉన్నాడు. కాలేజీ వాళ్లు ఇచ్చిన సెలవులు రెండే రోజులు, అవి రానూపోనూ ప్రయాణానికే సరి. చివరికి 'రెండు' అంది రెండో పిల్ల, మెల్లగా. బండి కదిలింది.

లాంచీలో ముప్పావు గంట

నల్గొండ నుంచి సాగర్‌కు రెండు గంటల దారి. హైదరాబాద్ నుంచైతే ఇబ్రహీంపట్నం, మాల్, కొండమల్లేపల్లి మీదుగా నూటయాభై కిలోమీటర్లు. పిల్లలతో వెళ్లేవాళ్లు పొద్దున్నే లాంచీ పని చూసుకోవడం మంచిది. ఎండ ముదిరాక కొండ మీద నడవలేరు.

లాంచీ కదలగానే పిల్లలకు అదో లోకం. ఒడ్డు వెనక్కి వెళ్తుంటుంది. చుట్టూ నీళ్లే. ముప్పావు గంట తర్వాత నీళ్ల మధ్యలో ఓ కొండ కనిపిస్తుంది. అదే నాగార్జునకొండ. 'సముద్రంలో దీవిలాగుందే' అన్నాడొకడు. ఇప్పుడు దీవే. డ్యామ్ రాకముందు మాత్రం అది చుట్టూ లోయ ఉన్న మామూలు కొండ.

ఆ లోయలోనే ఇక్ష్వాకుల రాజధాని విజయపురి ఉండేది. మూడు, నాలుగు శతాబ్దాల మాట. బౌద్ధ విహారాలు, స్తూపాలు, స్నానఘట్టాలు, మెట్లమెట్లుగా కట్టిన రంగస్థలం... అన్నీ అక్కడే. ప్రాజెక్టు కడితే అవన్నీ మునిగిపోతాయని తెలిసి 1954 నుంచి 1960 దాకా పెద్దఎత్తున తవ్వకాలు జరిపారు. కొన్ని కట్టడాలను విప్పి, రాయికి రాయి పేర్చి కొండమీద మళ్లీ నిలబెట్టారు. ఇంకొన్నిటిని అనుపు దగ్గర ఒడ్డు మీద కట్టారు. శిల్పాలకు కొండ మీదే మ్యూజియం కట్టారు.

మ్యూజియం అంటే పిల్లలు పారిపోతారని భయపడతాం కదా. ఒక్క చిట్కా చాలు. ఇక్ష్వాకు రాజుల పేర్లు చెప్పి చూడండి. వాసిష్ఠీపుత్ర చాంతమూలుడు, మాఠరీపుత్ర వీరపురుషదత్తుడు... పేరుకు ముందు తల్లి వైపు పేరు! అక్కడి శాసనాల్లో దానాలు చేసిన రాజకుటుంబపు స్త్రీలూ కనిపిస్తారు. చాంతమూలుడి సోదరి చాంతిసిరి మహాచైత్యానికి దానమిచ్చింది. ఈ మాట చెప్పడమే ఆలస్యం, మావాళ్లంతా అమ్మల పేర్లకు 'పుత్ర', 'పుత్రి' తగిలించుకుని ఒకరినొకరు పిలుచుకోవడం మొదలుపెట్టారు. రాత్రి ఇంటికొచ్చేదాకా మానలేదు. తల్లులు మాత్రం పైకి విసుక్కుంటూనే లోపల మురిసిపోయారు.

అన్నిటికన్నా గుర్తుండిపోయింది మాత్రం ఏడేళ్ల బుడతడి ప్రశ్న. రెయిలింగ్ పట్టుకుని నీళ్లలోకి చూస్తూ అడిగాడు. 'రాళ్లను పైకి తెచ్చారు సరే. ఇక్కడి ఊళ్లలో పిల్లలేమయ్యారు?'

మేం జవాబు వెతుక్కుంటుంటే అమ్మే చెప్పింది. 'వేరే ఊళ్లకు పోయిండ్రు బిడ్డా. నీళ్లొస్తయంటే మూట కట్టుకోవాలె గదా. మళ్లా కొత్త ఇండ్లు కట్టుకున్నరు.'

'మళ్లీ అందరూ ఒకే చోట ఉన్నారా?'

'అందరు ఒక్కకాడ ఏడ దొరుకుతరు' అంది అమ్మ.

కోతి కోసిన కేకు

మధ్యాహ్నం భోజనం ఒడ్డుకొచ్చాక, చెట్టు నీడలో. పులిహోర, దద్దోజనం, సర్వపిండి, సకినాలు. మధ్యలో అట్టపెట్టెలో నల్గొండ నుంచి ఒళ్లో పెట్టుకుని తెచ్చిన కేకు. దానిమీద చిన్న అక్షరాలతో పదకొండు పేర్లు. ఎండకు క్రీము కరిగి, గతుకులకు అటూ ఇటూ జరిగి, ఒకరి పేరు మరొకరి పేరులో కలిసిపోయింది. 'నా పేరులో నీ దీర్ఘం ఉంది' అంటూ పోట్లాట.

కేకు మీద పెద్దవాడి పేరూ ఉంది. రాని మనిషి పేరెందుకని ఎవరూ అడగలేదు. వాడి ముక్క ఎవరు తినాలన్న దగ్గర మాత్రం పెద్ద చర్చే జరిగింది. ఈలోగా వెనకనుంచి ఓ కోతి వచ్చి చెయ్యేసి, ఓ మూల నుంచి గుప్పెడు కేకు పట్టుకుపోయింది. 'అన్న వాటా అది తీసుకెళ్లింది' అని తీర్పు చెప్పేసి అంతా నవ్వారు. చర్చ ముగిసింది. కోతులున్న చోట కేకు పెట్టె మూత ఆఖరు నిమిషం దాకా తీయకూడదన్న సంగతి పిల్లలు అలా నేర్చుకున్నారు.

'నానమ్మా, నీ బర్త్‌డే ఎప్పుడు?' చిట్టిది అడిగింది.

అమ్మకు పుట్టినరోజు లేదు. బడికి పోలేదు కాబట్టి బడి రిజిస్టరులో రాసిన తేదీ కూడా లేదు. ఆధార్ కార్డులో మాత్రం జనవరి 1 అని ఉంది. ఆ తేదీతో మన ఊళ్లలో ఎంతమంది పెద్దవాళ్లు పుట్టారో లెక్కే లేదు!

'ఏ దినమో ఎవడు రాసిండు బిడ్డా. నెహ్రూ వచ్చి సాగర్‌కు రాయి ఏసిన చలికాలంల పుట్టినవని మా అమ్మ చెప్తుండె.'

పిల్లలకు ఆ మాట చాలు. అప్పటికప్పుడు ఫోన్లో వెతికారు. నెహ్రూ సాగర్‌కు శంకుస్థాపన చేసింది 1955 డిసెంబరు 10న. 'అయితే నానమ్మ బర్త్‌డే డిసెంబరు పదే' అని తేల్చేశారు. 'డ్యామూ నానమ్మా కవలపిల్లలు' అన్నాడు బుడతడు. కేకు మీద పన్నెండో పేరు రాయడానికి చోటు లేదు. ఓ పిల్ల వేలితో క్రీము తీసి పెట్టె మూత మీద 'నానమ్మ' అని రాసింది. పక్కనే అమ్మమ్మ అని పిలిచేవాళ్లు 'అమ్మమ్మ' అని రాశారు. ఇద్దరు మనుషులకు సరిపడా పుట్టినరోజు ఒక్కరికే వచ్చింది!

సాయంత్రం దిగువ వంతెన మీద నుంచి ఆ 'కవల'ను చూపించాం. నూట ఇరవైనాలుగు మీటర్ల ఎత్తు, ఇరవైఆరు గేట్లు. ప్రపంచంలోని పెద్ద రాతి కట్టడపు డ్యాముల్లో ఒకటి. వేలమంది కూలీలు రాళ్లు మోసి కట్టింది. 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాల్వలకు నీళ్లు వదిలారు. 'అప్పటికి నానమ్మకు పదకొండేళ్లు. నా అంత' అంది నాలుగో నంబరు పిల్ల. అంకెలు, తేదీలు పిల్లలకు ఎందుకు గుర్తుండవని బాధపడతాం కానీ, పక్కన ఓ మనిషిని నిలబెడితే ఎందుకు గుర్తుండవూ?

ఎత్తిపోతల దగ్గర

ఆఖరి మజిలీ ఎత్తిపోతల. సాగర్ నుంచి పదకొండు కిలోమీటర్లు. చంద్రవంక వాగు డెబ్బై అడుగుల పైనుంచి దూకుతుంది. కింద మొసళ్ల పెంపక కేంద్రం ఉంది కాబట్టి నీళ్లలో దిగుదామన్న కోరిక పిల్లలకు దానంతటదే పోతుంది. పైన వ్యూపాయింట్ దగ్గర నిలబడి చూడటమే హాయి. ఆ హోరులో ఎవరి మాటా ఎవరికీ వినిపించదు. పదిమంది పిల్లలు ఒకేసారి ఊరుకున్న సందర్భం ఆ రోజు అదొక్కటే.

చీకటి పడుతుండగా బండెక్కారు. సగంమంది అప్పటికే నిద్రలో ఉన్నారు. పెద్దక్క 'లెక్క' అంది. పొద్దుటిలాగే మౌనం. రెండో పిల్ల నోరు తెరవబోతుండగా వెనక సీట్లోంచి వినిపించింది.

'ఒకటి.'

అమ్మ! పిల్లలు ఒక్కసారి నవ్వారు. 'రెండు', 'మూడు', 'నాలుగు'... ఆఖరిదాకా వెళ్లింది. చిట్టిది నిద్రలోనే 'పదకొండు' అంది. బండి కదిలింది.

ఆ తర్వాతి ఏడు రెండో పిల్ల ఇంటర్‌లో చేరింది. ఆపై ఏడు మూడోవాడు. ఇల్లు నిండా పిల్లలుండటం అన్నది పదేళ్ల ముచ్చట. పెద్దవాడికి మీసాలొచ్చేలోపు, చిన్నదానికి ఊహ తెలిశాక మధ్యలో మిగిలే నాలుగైదు ఏళ్లే అందరూ ఒకే బండిలో పట్టేది. ఫంక్షన్ హాలు ఎప్పుడైనా దొరుకుతుంది. ఆ బండి దొరకదు. అందుకే మీ ఇంట్లో పదకొండు కాకపోతే ఐదుగురే ఉండనివ్వండి, ఈ సెలవుల్లో ఓ రోజు ఖాయం చేసేయండి. పెద్దవాళ్లను ఇంటికి కాపలా పెట్టకండి. వాళ్ల పుట్టినరోజు ఎప్పుడో దారిలో బయటపడొచ్చు.

వెళ్లాలంటే...

- నాగార్జునకొండ మ్యూజియానికి శుక్రవారం సెలవు. పదిహేనేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.
- గాలి ఎక్కువున్నా, నీటిమట్టం అనుకూలించకపోయినా లాంచీలు నడవవు. బయల్దేరేముందు పర్యాటక శాఖకు ఫోన్ చేసి కనుక్కోండి.
- గేట్లు ఎత్తితే చూడాలనుకుంటే ఆగస్టు, సెప్టెంబరుల్లో వార్తలు గమనిస్తుండండి. ఎగువన శ్రీశైలం నిండితేనే ఇక్కడికి వరద వస్తుంది. ఆ రోజుల్లో రద్దీ విపరీతం, చిన్నపిల్లల చెయ్యి వదలొద్దు.
- కొండకు వెళ్లే వీలు లేకపోతే సాగర్‌లోనే బుద్ధవనం ఉంది. 2022లో ప్రారంభమైంది. జాతక కథల శిల్పాలు పిల్లలకు నచ్చుతాయి.
- తాగేనీళ్లు, టోపీలు, వాంతులకు కవర్లు, ఒక్కొక్కరికి మరో జత బట్టలు తప్పనిసరి.
- ప్రతి పిల్లకూ ఓ అంకె ఇవ్వండి. నానమ్మకు కూడా!